రాకీకి విగ్రహం ఉంది, మరి మనవాళ్లకి?



పోయిన ఆదివారం భాగంలో పోర్టు కళాసీల గురించి రాశాను. చదివినవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, వన్ టౌన్‌లో, మల్కాపురంలో మన పిల్లలకి బాక్సింగ్ పిచ్చి ఎక్కడినుంచి వచ్చింది? దాని గురించి రాయవా?" అని. కొంతమంది అలీ ఫోటోలు, టైసన్ ఫోటోలు పంపారు. ఒక తమ్ముడు రాకీ సినిమా మ్యూజిక్ పంపి, "ఆ రోజులే వేరు అన్నా" అన్నాడు.

నిజమే, ఆ రోజులే వేరు. కానీ ఆ రోజుల్ని మనం ఎవరి కళ్లతో చూశాం? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే. కాస్త పొడుగు ఉంటుంది. టీ పెట్టుకుని కూర్చోండి.

1

1987. నాకు పన్నెండేళ్లు. మల్కాపురంలో ఒక రేకుల షెడ్డు, అందులో టీవీ, వీసీపీ, నాలుగు బల్లలు. అదే మా వీడియో పార్లర్. ఆ రోజు రాకీ రెండో భాగం వేశారు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాదు. కాకపోతే గుద్దుకి భాష ఎందుకు? ఎవడు కొట్టాడో, ఎవడు పడ్డాడో తెలిస్తే చాలు.

మా అయ్య పోర్టులో కళాసీ. షిఫ్టు దిగి, నేను ఇంట్లో లేనని వెతుక్కుంటూ వచ్చాడు. చెవి మెలిపెట్టి లాక్కెళ్తాడనుకున్నాను. కానీ తెరమీద కొట్లాట చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. చివరి రౌండు నడుస్తోంది. రాకీ, అపోలో ఇద్దరూ పడిపోయారు. రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. పది అనేలోపు రాకీ లేచాడు, అపోలో లేవలేకపోయాడు. షెడ్డు ఎగిరిపోయింది. నేను బల్ల ఎక్కి మరీ చప్పట్లు కొట్టాను.

ఇంటికెళ్లే దారిలో అయ్య అడిగాడు.

"ఒరే, ఆ పడిపోయినోడు ఎవుడురా?"

"అపోలో, అయ్యా. ఆడే ఛాంపియన్."

"ఆడు సూత్తే మనలాగే ఉన్నాడు. ఆడు పడిపోతే నువ్వెందుకురా సప్పట్లు కొట్టినావు?"

నాకు నోట మాట రాలేదు. అయ్యకి అమెరికా తెలీదు, నీగ్రో అనే మాట కూడా తెలీదు. మాంగనీసు దుమ్ములో పనిచేసే మనిషికి ఒంటి రంగు తెలుసు. పడిపోయినవాడు ఎవడో తెలుసు. నాకు మాత్రం సినిమా ఎవరికి కొట్టమంటే వాళ్లకే చప్పట్లు కొట్టడం తెలుసు.

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

2

ముందు రాకీ సంగతి చూద్దాం.

1975 మార్చి 24న మహమ్మద్ అలీ మీద చక్ వెప్నర్ అనే తెల్ల బాక్సర్ దాదాపు పదిహేను రౌండ్లూ నిలబడ్డాడు. ఓడిపోయాడు, కానీ నిలబడ్డాడు. అది చూసి సిల్వెస్టర్ స్టాలోన్ కథ రాసుకున్నాడు. 1976లో సినిమా వచ్చింది, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కొట్టింది. అంటే అసలు కథలో గెలిచినవాడు అలీ. సినిమా కథలో హీరో ఓడినవాడు!

అంతటితో అయిపోలేదు. సినిమాలో రాకీ మాంసం గోదాములో వేలాడే పశువు కళేబరాల్ని గుద్దుతూ ప్రాక్టీసు చేస్తాడు గుర్తుందా? ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేస్తూ నిజంగా ఆ పని చేసిన మనిషి ఒకడున్నాడు. పేరు జో ఫ్రేజర్. దక్షిణ కరోలినాలో కౌలు కూలీల బిడ్డ. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చాడు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో అలీని మొట్టమొదటిసారి ఓడించిన మొనగాడు. మ్యూజియం మెట్లమీద పరుగెత్తింది కూడా తానేనని ఆయన చెప్పుకున్నాడు.

సినిమా కోసం చేసిన రాకీ కంచు విగ్రహం ఇప్పటికీ ఆ మ్యూజియం దగ్గరే ఉంది. ప్రపంచం నలుమూలలనుంచీ జనం వచ్చి దాని పక్కన ఫోటో దిగుతారు. అదే ఊళ్లో బతికిన నిజమైన ఛాంపియన్ ఫ్రేజర్‌కి విగ్రహం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2015లో. అప్పటికి ఆయన చనిపోయి నాలుగేళ్లు. పుట్టనే పుట్టని తెల్లవాడికి ముందు, చచ్చిపోయిన నల్లవాడికి తర్వాత.

ఇదొక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. 1980లో వచ్చిన రేజింగ్ బుల్ చూడండి. గొప్ప సినిమా, నేను కాదనను. హీరో జేక్ లమోటా. ఆ లమోటాతో షుగర్ రే రాబిన్సన్ ఆరుసార్లు తలపడి అయిదుసార్లు గెలిచాడు. బాక్సింగ్ తెలిసినవాళ్లు చాలామంది ఇప్పటికీ అన్ని కాలాలకీ నంబర్ వన్ అనేది రాబిన్సన్‌నే. సినిమాలో మాత్రం ఆయన వచ్చి కొట్టి వెళ్లిపోయే మనిషి. 2005లో వచ్చిన సిండరెల్లా మ్యాన్ హీరో బ్రాడాక్. 1935లో ఆయన టైటిల్ గెలవడంతో కథ ముగుస్తుంది. రెండేళ్లకి ఆ టైటిల్ లాక్కున్నవాడు జో లూయిస్. అలబామా కౌలు కూలీల బిడ్డ, డెట్రాయిట్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. ఆయన పేరు తెరమీద చివర్లో వచ్చే అక్షరాల్లో కనిపిస్తుంది.

గెలిచినవాడు ఫుట్‌నోటు, ఓడినవాడు కథ. ఈ పద్ధతి మనకి కొత్తా? పురాణాల్లో మనవాళ్లెక్కడున్నారో ఒకసారి చూసుకోండి.

3

ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. బాక్సింగ్‌లో అంటరానితనం ఉండేదంటే నమ్ముతారా?

ఉండేది. దానికి ఇంగ్లీషులో కలర్ లైన్ అని పేరు. 1882 నుంచి 1892 దాకా హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న జాన్ ఎల్ సల్లివాన్ ఎవరితోనైనా తలపడతానని సవాలు విసిరేవాడు, నల్లవాళ్లతో తప్ప. ఆ రోజుల్లో పీటర్ జాక్సన్ అనే నల్ల బాక్సర్ ఆయనకోసం తిరిగి తిరిగి అలిసిపోయాడు. ఒక్క బౌటు దొరకలేదు. ఓడిపోతానన్న భయం ఒకటే కాదు ఇది. ఓడించినా సరే, వాడితో ఒకే రింగులో నిలబడితే తనూ వాడూ సమానమని ఒప్పుకున్నట్టే కదా! అదీ అసలు బాధ. మన ఊళ్లో రచ్చబండమీద మనల్ని పక్కన కూర్చోనివ్వకపోవడానికీ, దీనికీ తేడా చెప్పండి చూద్దాం.

ఆ గీత చెరిపినవాడు జాక్ జాన్సన్. బానిసగా పుట్టిన తండ్రికి కొడుకు. టెక్సాస్‌లో గాల్వెస్టన్ అనే రేవు పట్నం ఆయనది. అక్కడి రేవులో మూటలు మోశాడు. మన భాషలో చెప్పాలంటే కళాసీ. అప్పటి ఛాంపియన్ టామీ బర్న్స్ వెంటపడి వెంటపడి, చివరికి ఆస్ట్రేలియా వెళ్లి, 1908 డిసెంబరు 26న సిడ్నీలో చితక్కొట్టాడు. ప్రపంచ హెవీవెయిట్ కిరీటం మొదటిసారి నల్లవాడి నెత్తిమీదకొచ్చింది.

తెల్ల ప్రపంచానికి నిద్రపట్టలేదు. రిటైరైపోయి పొలం చూసుకుంటున్న జెఫ్రీస్‌ని బతిమాలి తీసుకొచ్చారు. 1910 జులై 4న రీనోలో జాన్సన్ అతన్నీ పడగొట్టాడు. ఆ రాత్రి అమెరికాలో ఊరూరా నల్లవాళ్లమీద దాడులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. మనవాడు గుర్రమెక్కి పెళ్లి ఊరేగింపు చేసుకుంటే మన ఊళ్లలో ఏం జరుగుతుందో అదే అక్కడ జరిగింది.

తర్వాత ఏం చేశారు? ఆ బౌటు సినిమాని ఎక్కడికక్కడ నిషేధించారు. 1912లో ఏకంగా చట్టం తెచ్చారు. బాక్సింగ్ ఫిల్ముల్ని ఒక రాష్ట్రంనుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లకూడదని. ఆ చట్టం 1940 దాకా ఉంది. నల్లవాడు గెలవడం ఒక నేరం, ఆ గెలుపుని నలుగురికీ చూపించడం ఇంకా పెద్ద నేరం. పాత బాక్సింగ్ సినిమాలు బాగుండేవి అనేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. మొట్టమొదట జనాన్ని ఊపేసిన బాక్సింగ్ సినిమాల్లో ఒకదాన్ని జనానికి చూపించకుండా దాచేశారు.

ఆటలో ఓడించలేక కోర్టులో ఓడించారు. 1913 జూన్‌లో మొత్తం తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ జాన్సన్‌ని దోషి అంది. తెల్ల స్త్రీలతో తిరిగాడన్నదే అసలు కోపం. ఆయన దేశం వదిలి పారిపోయాడు.

ఒక్క క్షణం ఆగండి. ఆ మరుసటి నెల, 1913 జులైలో, న్యూయార్క్ రేవులో ఓడ దిగిన ఇరవైరెండేళ్ల కుర్రాడు ఎవరు?

భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్.

నల్ల ఛాంపియన్‌ని తరిమేసిన దేశంలోకి మన ఛాంపియన్ అడుగుపెట్టాడు. నల్లవాళ్ల వాడ హార్లెం పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1915 ఏప్రిల్ 5న హవానాలో జాన్సన్ కిరీటం పోగొట్టుకున్నాడు. అదే ఏడాది జూన్‌లో బాబాసాహెబ్ ఎం.ఏ. పట్టా తీసుకున్నాడు. 1946లో ఆయనే డుబోయిస్‌కి ఉత్తరం రాసి, నీగ్రోల స్థితికీ అంటరానివాళ్ల స్థితికీ ఉన్న పోలిక గురించి మాట్లాడాడు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్లు బ్లాక్ పాంథర్స్‌ని చూసి దళిత్ పాంథర్స్ పెట్టారు. మా అయ్య మల్కాపురం రోడ్డుమీద నడుస్తూ అన్నమాట వీళ్లందరూ అంతకుముందే అన్నారు. అయ్యకి వీళ్లెవరూ తెలీదు. అయినా అన్నాడు.

4

అలీ లేకుండా ఈ భాగం పూర్తవదు. అలీ మన ఇళ్లలో దేవుడి పటంలాంటివాడు. 1967లో వియత్నాం యుద్ధానికి రానన్నాడు. టైటిల్ తీసేశారు, లైసెన్సు తీసేశారు. బాక్సర్‌కి బంగారంలాంటి మూడున్నరేళ్లు పోయాయి. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఫోర్‌మన్‌ని పడగొట్టి కిరీటం తిరిగి తీసుకున్నాడు. 1980లో మద్రాసు వచ్చి, జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌటు ఆడాడు. మద్రాసు మనకి ఒక రాత్రి రైలు ప్రయాణం. అక్కడి ముఖ్యమంత్రి ఎంజీఆర్‌తో ఆయన దిగిన ఫోటో చాలామంది చూసే ఉంటారు.

కానీ మన వీరుల తప్పుల్ని మనమే చెప్పుకోవాలి. లేకపోతే పగవాడు చెప్తాడు.

నిషేధం రోజుల్లో అలీకి లైసెన్సు ఇవ్వాలని మాట సాయం, డబ్బు సాయం చేసినవాడు జో ఫ్రేజర్. రింగులో ఎదురుపడేసరికి అలీ ఏం చేశాడు? ఫ్రేజర్‌ని తెల్లవాళ్ల తొత్తు అన్నాడు. 1975లో మనీలా బౌటుకి ముందు గొరిల్లా అని వెక్కిరించాడు. ఒక నల్లవాడు ఇంకో నల్లవాడిని, తెల్లవాడు ఏ మాటతో తిడతాడో ఆ మాటతోనే తిట్టాడు. టికెట్లు అమ్ముడయ్యాయి. లాభం ఎవరికి? ఫ్రేజర్ పిల్లలు బడిలో ఆ మాటలు పడ్డారు. మనీలాలో పద్నాలుగు రౌండ్లు ఒకరినొకరు చచ్చేట్టు కొట్టుకున్నారు. ఇద్దరి ఆరోగ్యమూ ఆ రోజునుంచి మునుపటిలా లేదంటారు. 2001లో అలీ బహిరంగంగా తప్పు ఒప్పుకున్నాడు. ఫ్రేజర్ గుండెలో గాయం మాత్రం చాలాకాలం మానలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానో మీకు తెలుసు. మాల, మాదిగ, రెల్లి అని మనలో మనం వాడుకునే మాటలు ఒకసారి గుర్తుచేసుకోండి. వాటా గురించి వాదించుకుందాం, లెక్కలు తీసుకుని కూర్చుందాం. అది న్యాయం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ పైవాడు మనందర్నీ తిట్టే మాటతో మనం ఒకర్నొకరు తిట్టుకున్న రోజున టికెట్ల డబ్బు ఇంకెవడి గల్లాపెట్టెలోకో వెళ్తుంది.

5

ఇక మన విశాఖ.

బాక్సింగ్ ఈ దేశంలోకి ఓడల్లో, పటాలాల్లో వచ్చింది. రేవులు, రైల్వే కాలనీలు, కంటోన్మెంట్లు ఎక్కడుంటే అక్కడ వేళ్లూనుకుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌కి మన దేశం మొదటిసారి బాక్సర్లని పంపితే అందులో రేమండ్, నట్టల్, క్రాన్‌స్టన్ లాంటి ఆంగ్లో ఇండియన్ పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. విశాఖలో మూడూ ఉన్నాయి. 1933లో పోర్టు తెరిచారు. వాల్తేరు రైల్వే ఉంది. నేవీ ఉంది. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. ఇలాంటి ఊళ్లో బాక్సింగ్ పుట్టకపోతేనే ఆశ్చర్యం.

క్రికెట్‌కి మైదానం కావాలి, తెల్లబట్టలు కావాలి, కిట్టు కావాలి. బాక్సింగ్‌కి ఏం కావాలి? రెండు చేతులు. మా వాడలో అందరికీ ఉన్నది అదొక్కటే.

నేనూ ఒక ఏడాది వెళ్లాను. క్లబ్బు పేరు అనవసరం, ఇప్పుడది లేదు కూడా. ఎనిమిదిమంది పిల్లలకి మూడు జతల గ్లౌజులు. ఒకడు విప్పితే ఇంకొకడు తొడుక్కోవాలి. లోపల ఎవడి చెమటో తెలీదు. నేను ఏ వీధివాడినో తెలిశాక ఒకబ్బాయి వాళ్ల నాన్నతో చెప్పి సొంత గ్లౌజులు కొనిపించుకున్నాడు. నా తర్వాత తొడుక్కోవడం ఇష్టం లేక. ఎవరూ ఏమీ అనలేదు. అతనూ అనలేదు. కొత్త తోలు వాసన మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం మాస్టారు మా ఇద్దరికీ జోడీ కట్టారు. తెలిసి చేశారో, తెలియక చేశారో. గంట మోగింది. ముందు గ్లౌజులు తాకించుకోవాలి, అది మర్యాద. తాకించాడు. తర్వాత నేను కొట్టాను, అతను కొట్టాడు. ముక్కులోంచి నెత్తురు నాకే వచ్చింది. రౌండైపోయాక అతనే తన తువ్వాలు తెచ్చి నా ముక్కుకి అదిమిపట్టాడు. మరుసటి రోజునుంచి ఆ కొత్త గ్లౌజులు అందరివీ అయ్యాయి.

కథల్లోలాగ కులం పోయిందని చెప్పను. అతను నన్ను ఏనాడూ వాళ్లింటికి పిలవలేదు. కానీ ఆ మూడు నిమిషాలు నన్ను తాకకుండా అతను గెలవలేడు. తాకకపోతే ఆటే లేదు. రాజ్యాంగంలో 17వ అధికరణ ఊరంతా అమలు కాకపోయినా, తాళ్లు కట్టిన ఆ చదరంలో అమలైంది. సల్లివాన్ ఎందుకు భయపడ్డాడో నాకు అప్పుడర్థమైంది.

తెలుగులో బాక్సింగ్‌ని ముష్టియుద్ధం అంటారు. ముష్టి అంటే పిడికిలి. ముష్టి అంటే అడుక్కునేది కూడా. ఇన్నాళ్లూ మనకి రెండో అర్థమే వదిలారు. ఆ చదరంలో మొదటి అర్థం మన చేతికొచ్చింది.

6

మరి మన ఊరి ఛాంపియన్లు ఎవరు? ఈ ప్రశ్న మొన్న ఒక కాలేజీలో అడిగాను. రాకీ తెలుసు, టైసన్ తెలుసు, మేరీకోమ్ తెలుసు. నగిశెట్టి ఉష ఎవరంటే హాలు నిశ్శబ్దమైపోయింది.

ఉష విశాఖ అమ్మాయి. 2006లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ మహిళల బాక్సింగ్‌లో రజతం గెలిచింది. మేరీకోమ్ స్వర్ణం గెలిచింది కూడా ఆ పోటీల్లోనే. 2008లో చైనాలోని నింగ్బోలో ఉషకి మళ్లీ రజతం. ప్రపంచంలో రెండో స్థానం, రెండుసార్లు! ఒలింపిక్స్‌కి ఎందుకు వెళ్లలేదంటారా? వెళ్లడానికి దారే లేదు. 2012 దాకా ఆడవాళ్ల బాక్సింగ్‌ని ఒలింపిక్స్‌లోకి రానివ్వలేదు. రానిచ్చినప్పుడు కూడా మూడే తరగతులు పెట్టారు: 51, 60, 75 కేజీలు. ఉష ఆడింది 57 కేజీల్లో. ఆ తరగతి ఒలింపిక్స్‌లోకి టోక్యో దాకా రాలేదు. గుద్దలేక ఓడిపోవడం వేరు. తలుపే లేని గోడముందు నిలబడటం వేరు. 2020లో ఆమెకి ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చారు. మంచిదే. కానీ బీచ్ రోడ్డులో అన్ని విగ్రహాలున్నాయి, ఉష పిడికిలి ఏదీ?

ఉష కులమేమిటని అడగకండి. నాకు అక్కర్లేదు. రింగులో నిలబడ్డ ఆడపిల్ల నా మనిషి.

ఉషని తయారుచేసిన కోచ్ ఐ. వెంకటేశ్వరరావు. విశాఖ సాయ్ కేంద్రంలో పనిచేశారు. 2009లో నిజామాబాద్‌నుంచి పదమూడేళ్ల ముస్లిం అమ్మాయి ఒకతె ఆయన దగ్గర నేర్చుకోడానికి విశాఖ వచ్చింది. నిక్కర్లు వేసుకుని మగపిల్లల ఆట ఏమిటని చుట్టుపక్కలవాళ్లు సణుగుతుంటే పట్టించుకోకుండా వచ్చింది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2022లో అదే టర్కీలో, ఇస్తాంబుల్‌లో, సీనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. నిఖత్ జరీన్. ఆ పిడికిలి బిగించడంలో మన సముద్రపు గాలికీ వాటా ఉంది.

వెంకటేశ్వరరావు గారికి 2011లో ప్రభుత్వం అవార్డు ఇచ్చింది. ఏ పేరుమీద? ద్రోణాచార్య!

1985లో ఆ అవార్డు పెట్టినప్పుడు మొదట అందుకున్న ముగ్గురిలో ఒకరు బాక్సింగ్ కోచే. ఒక్కసారి పిడికిలి బిగించి చూసుకోండి. బొటనవేలు లేకుండా బిగుస్తుందా? విల్లుకే కాదు, గుద్దుకీ బొటనవేలే కావాలి. ఏకలవ్యుడి బొటనవేలు కోయించుకున్న గురువు పేరుమీద, పిడికిలి బిగించడం నేర్పే గురువులకి సన్మానం చేస్తోంది ఈ దేశం. విశాఖ మాస్టారు చేసింది దానికి సరిగ్గా ఎదురు పని. వచ్చిన పిల్లని నీదే ఊరు, నీదే మతం, ఆడపిల్లవి కదా అనకుండా చేతికి గ్లౌజులు తొడిగారు. ఆయనకి ద్రోణుడి పేరుకంటే మంచి పేరు దొరకలేదా?

7

మన సినిమాలు ఏం చేశాయి? 2017లో వెంకటేష్ హీరోగా గురు వచ్చింది. కథ నడిచేది విశాఖలోనే. మురికివాడలో కూరగాయలమ్మే అమ్మాయి బాక్సర్ అవుతుంది. రితికా సింగ్ నిజంగా కొట్లాట తెలిసిన పిల్ల, ప్రాణం పెట్టింది. నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఏడ్చాను. కానీ బయటికొచ్చి పోస్టరు చూశాను. దెబ్బలు తిన్నది అమ్మాయి, సినిమా పేరు గురు. మా అయ్య ఉంటే అడిగేవాడు: "కొట్టింది ఆ గుంట గదరా, పేరు ఆయనదేటి?"

2021లో సార్పట్ట పరంపర వచ్చింది. పా. రంజిత్ తీశాడు. మనవాడు. మొదట్లోనే హీరో కబిలన్ మద్రాసు హార్బర్‌లో మూటలు మోస్తుంటాడు. సైరన్ ఎప్పుడు మోగుతుందా, బౌటు చూడ్డానికి ఎప్పుడు పరుగెత్తుదామా అని కాచుకుని ఉంటాడు. అది చూసి నేను లేచి నిలబడ్డాను. మా అయ్య సైరన్ అది. గోడలమీద బాబాసాహెబ్, రింగులో కళాసీ, గెలవబోతుంటే రింగులోకి దూరి బట్టలూడదీసే మంద. కబిలన్ తల్లి భయం కూడా నిజం. బాక్సింగ్ మగాడిని రౌడీని చేసి చంపుతుందని ఆమె చీపురు తీసి కొడుతుంది. మా వీధిలో అలాంటి తల్లులు నాకు తెలుసు. పిడికిలి బలాన్ని ఎవడో నాయకుడు అద్దెకి తీసుకుంటే, చివరికి జైలు, సారా, శవం. బాక్సింగ్ జ్ఞాపకాలు చెప్పుకునేటప్పుడు ఈ ముక్క దాచకూడదు.

ఆ రోజు మొదటిసారి నేను సరైన మనిషికి చప్పట్లు కొట్టాను.

8

చివరిగా అసలు విషయం.

మావాళ్లకి బాక్సింగ్ ఆట మాత్రమే కాదు. అది ఉద్యోగానికి దారి. స్పోర్ట్స్ కోటాలో రైల్వే, పోర్టు, నేవీ, స్టీల్ ప్లాంట్. పతకం గోడమీద మేకుకి వేలాడుతుంది, జీతం ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. ఉష కూడా రైల్వేలో చేరింది. ఒకవైపు రిజర్వేషన్, ఇంకోవైపు పిడికిలి. ఈ రెండూ పట్టుకుని మా వాడల్లో ఒక తరం పెంకుటింట్లోంచి క్వార్టర్లలోకి వెళ్లింది. ఆ రెండూ పనిచేసేది ప్రభుత్వ రంగంలోనే.

1966 నవంబరు 1న ఈ ఊళ్లో ఉక్కు కోసం తుపాకీ గుళ్లకి మనుషులు నేలకొరిగారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 2021 జనవరి 27న నూటికి నూరు శాతం అమ్మేస్తామని ఢిల్లీలో నిర్ణయం తీసుకున్నారు. ప్రైవేటువాడికి రిజర్వేషన్ ఇవ్వాలన్న చట్టం లేదు. వన్ టౌన్ పిల్లవాడి జాబ్ చూసి ఉద్యోగమివ్వాల్సిన అవసరమూ లేదు. అప్పుడు రింగు ఉంటుంది, ఎక్కినవాడికి దిగాక పోవడానికి చోటుండదు.

అందుకే పాత ఛాంపియన్ల ఫోటోలు పంపే తమ్ముళ్లకి నా మాట ఒక్కటే. అలీ ఫోటో గోడకి పెట్టుకోండి. పక్కన ఫ్రేజర్‌ది పెట్టండి, జాన్సన్‌ది పెట్టండి. ఉష ఫోటో పెట్టండి, నిఖత్ ఫోటో పెట్టండి. మీ వీధిలో ఒకప్పుడు గ్లౌజులు తొడిగిన పెద్దాయన ఇంకా ఉంటే, వెళ్లి ఆయన దగ్గర కూర్చుని, చెప్పింది ఫోన్లో రికార్డు చేయండి. మనవాళ్ల బౌట్లకి ఫిల్ములు లేవు. నిషేధించడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఉన్నది వాళ్ల నోటిమాటే.

మా అయ్య 2009లో పోయాడు. ఆయన అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పగలను.

అయ్యా, ఆ రోజు నేను తప్పు మనిషికి చప్పట్లు కొట్టాను. మనలాంటివాడు గెలిచిన సినిమా నాకెవరూ చూపించలేదు.

వచ్చే ఆదివారం ఉక్కు నిర్వాసితుల గురించి. మీ ఊరి పాత బాక్సర్ల పేర్లు, జ్ఞాపకాలు తెలిస్తే కింద రాయండి.

జై భీమ్.